పిల్లలు మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది మంత్రిగారూ?

గౌరవనీయులైన నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ప్రభుత్వ డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల్లో గంటల లెక్కన సాఫ్ట్ స్కిల్స్ (మాట్లాడటం, వినడం, నలుగురితో కలిసి పనిచేయడం వంటివి) చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీ తరఫున రాస్తున్న ఉత్తరం ఇది. ఇందులో ఉన్నదంతా ఇంతకుముందు అర్జీల రూపంలో మీ పేషీకి చేరిందే. వాటి మీద ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని ముద్ర పడింది. ఆ తగు చర్య ఏ టేబుల్ దగ్గర ఆగిందో మాకు తెలియదు గానీ, ఫిర్యాదుల పోర్టల్లో మాత్రం ‘పరిష్కరించబడినది’ అని ఆకుపచ్చ రంగులో కనిపిస్తోంది. సంతోషం.

ఈ సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ పథకం గురించి మీకు చెప్పే సాహసం చేయం. ‘30 మందికో బ్యాచ్, ప్రతి విద్యార్థీ మాట్లాడాలి’ అన్నది మీరే. మా గోడు కూడా ఆ ఒక్క మాట గురించే.

నడుస్తున్న బ్యాచ్ 30 కాదు, 60. సెక్షన్ ఎంతో బ్యాచ్ అంతే. పీరియడ్ 50 నిమిషాలు. హాజరు వేయడం, యాప్‌లో జియో ట్యాగ్ ఫోటో ఎక్కించడం, నెట్ అందక వరండాలోకి వెళ్లి మళ్లీ ఎక్కించడం, వీటికి పది నిమిషాలు పోతాయి. మిగిలిన 40లో టీచరు విషయం చెప్పడానికి పది తీసుకుంటే 30 నిమిషాలు మిగులుతాయి. 60 మందికి పంచితే తలా అర నిమిషం. పేరు, ఊరు, చదివే గ్రూపు చెప్పేసరికి వంతు అయిపోతుంది. వారానికి రెండు పీరియడ్లు, సెమిస్టరుకు 15 వారాలు వేసుకున్నా, ఒక విద్యార్థి ఆ ఆరు నెలల్లో క్లాసులో నోరు తెరిచేది మొత్తం పావుగంట. అది కూడా బందులు, సెలవులు, ఇన్విజిలేషన్ డ్యూటీలు ఏవీ అడ్డురాకపోతే! ఈ పావుగంటతో కమ్యూనికేషన్ వచ్చేయాలని మీరంటారు, రాలేదని కంపెనీలంటాయి, రాకపోవడం మా చేతగానితనమని ప్రిన్సిపాళ్లంటారు.

గ్రూప్ డిస్కషన్ సంగతి చూడండి. పదిమంది కూర్చుని 15 నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత ఎవరు ఎక్కడ అడ్డుపడ్డారు, ఎవరు విషయాన్ని ముందుకు తీసుకెళ్లారు, ఎవరు తల ఊపుతూ ఊరుకున్నారు అని చెప్పడానికి కనీసం పది నిమిషాలు కావాలి. ఆరు గుంపులకు 150 నిమిషాలు. ఫోటోల టైము తీసేస్తే నాలుగు పీరియడ్లు, అంటే రెండు వారాలు. అంతా కలిపి ఒక్క రౌండు. మొదటి రౌండులో ఎక్కడైనా జరిగేది ఒకటే: ముగ్గురు అరుస్తారు, ఇద్దరు ‘ఐ అగ్రీ విత్ హిమ్’ అంటారు, మిగతా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. మాట్లాడని పిల్లను ‘నువ్వేమంటావ్’ అని చర్చలోకి లాగడం, ఎదుటివాడి వాదనను ఒక వాక్యంలో తిరిగి చెప్పి అప్పుడు కాదనడం, 12వ నిమిషంలో తేలినవి తేలనివి క్రోడీకరించడం, ఇవన్నీ రెండో రౌండు నుంచే వస్తాయి. మొదటి దాంట్లో తగిలిన దెబ్బ గుర్తుంటుంది కాబట్టి. రెండో రౌండుకు టైంటేబుల్లో చోటు లేదు.

దీనికి విరుగుడుగా మీ శాఖ మెగా వర్క్‌షాపు కనిపెట్టింది. రెండు రోజులు, 300 మంది, ఒక సెమినార్ హాలు, ఒక కార్డ్‌లెస్ మైకు. ఉదయం జ్యోతి ప్రజ్వలన, శాలువా, ఫ్లెక్సీ ముందు గ్రూపు ఫోటో. 11 గంటలకు నీళ్లలో మునిగిన మంచుకొండ బొమ్మ స్లైడు వస్తుంది, పైకి కనిపించే కొన చదువు, కింద మునిగినదంతా సాఫ్ట్ స్కిల్స్ అని. (ఆ బొమ్మ లేని సాఫ్ట్ స్కిల్స్ క్లాసును మేమింకా చూడలేదు.) మధ్యాహ్నం టై ముడి వేయడం, షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వడం. ధైర్యంగా ఉండే ఓ నలుగురిని స్టేజీ ఎక్కిస్తారు. వాళ్లకు ఈ శిక్షణ అక్కర్లేదు, అందుకే ఎక్కారు. మిగతా 296 మంది చప్పట్లు కొట్టి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి, సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కుతారు. డ్యాష్‌బోర్డులో ‘శిక్షణ పొందినవారు: 300’. అబద్ధం కాదు లెండి, హాల్లో అందరూ ఉన్నమాట నిజమే.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్తే జరిగేదేమిటో క్యాంపస్ డ్రైవ్ పెట్టిన ఏ కాలేజీలోనైనా వినొచ్చు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటే సెక్షన్ మొత్తానికి ఒకటే జవాబు. నా బలం హార్డ్‌వర్క్, నా బలహీనత పని పూర్తయ్యేదాకా నిద్రపట్టకపోవడం, హాబీ పాటలు వినడం. అంతదాకా గడగడా సాగుతుంది. ‘ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటి?’ అని రెండో ప్రశ్న పడగానే ‘వియ్ హావ్ డన్’ అని మొదలై అక్కడే ఆగిపోతుంది. ‘వియ్ సరే, నువ్వు?’ అంటే ఇక మాట ఉండదు. దాన్ని ఇంగ్లీషు రాకపోవడం కింద రాసేసుకుంటారు. కానీ అదే ప్రశ్న తెలుగులో అడిగినా జవాబు రాదు. ప్రాజెక్టు రెడీమేడ్‌గా కొన్నదైతే ఏ భాషలో మాత్రం చెబుతాడు? సొంతంగా చేసిన పిల్లలు కూడా తడబడతారు. చేసిన పనిని వరసగా చెప్పడం ఎవరూ అలవాటు చేయలేదు మరి. దీనికి మేం వాడే పద్ధతి పెద్దదేం కాదు. పని ఏమిటి, అందులో నా వంతు ఏది, ఎక్కడ చిక్కుపడ్డాను, ఎలా బయటపడ్డాను, ఈ నాలుగూ ముందు తెలుగులో రెండు నిమిషాలు చెప్పిస్తాం. ఆగకుండా చెప్పగలిగాకే ఇంగ్లీషులోకి వెళ్తాం. విషయం తలలో వరసగా కూర్చుంటే వ్యాకరణం కాస్త అటూఇటూ అయినా వినేవాడికి అర్థమవుతుంది. ఇందులో ఇబ్బందల్లా తనిఖీకి వచ్చినవారితోనే. డిగ్రీ 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియమే కదా, క్లాసులో తెలుగు వినిపించిందని ఎర్ర ఇంకుతో రాసి వెళ్తారు.

ఇంగ్లీషు ల్యాబు ఉంది కదా, అక్కడ చెప్పించండి అంటారు. ఉంది. ఇప్పుడు చాలా కంపెనీలు మనిషి ముందు కూర్చోబెట్టకముందే కంప్యూటర్ ముందు కూర్చోబెడుతున్నాయి. తెర మీద వాక్యం చదవాలి, విన్న వాక్యాన్ని తిరిగి చెప్పాలి, విన్న చిన్న కథను సొంత మాటల్లో చెప్పాలి. బీప్ వచ్చాకే మాట్లాడాలి. కంగారులో ముందే మొదలుపెడితే మొదటి రెండు మాటలు రికార్డు కావు. ఇది ఎన్నిసార్లు చెప్పినా రాదు, హెడ్‌సెట్ పెట్టుకుని సాధన చేస్తేనే వస్తుంది. మాకిచ్చిన పాత హెడ్‌సెట్లకు రెండు పిన్నులు, ఆకుపచ్చది వినడానికి, గులాబీది మైకుకు. కొత్తగా ఇచ్చిన కంప్యూటర్లకు రెండూ కలిసిన ఒకే రంధ్రం. ఆకుపచ్చది దూరిస్తే వినిపిస్తుంది, మాట్లాడింది ఎక్కదు. దీనికి వై ఆకారంలో ఉండే కన్వర్టరు కావాలి, మహా అయితే నూటయాభై రూపాయలు. 30 సిస్టమ్‌లకు నాలుగున్నర వేలు. ఇండెంట్ పెట్టాం. ‘హెడ్‌సెట్లు పనిచేయుచున్నవి’ అని స్టాక్ రిజిస్టరులో ఉంది కాబట్టి కుదరదన్నారు. నిజమే, విడిగా చూస్తే హెడ్‌సెట్లూ పనిచేస్తున్నాయి, కంప్యూటర్లూ పనిచేస్తున్నాయి.

కన్వర్టర్లు సొంత డబ్బులతో కొన్నచోట ఇంకో తంటా. విండోస్ అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ మారిపోయి వెబ్‌క్యామ్ మైకుకు వెళ్తుంది. పిల్ల హెడ్‌సెట్లో నిమిషంసేపు మాట్లాడుతుంది, ఫైలు తెరిస్తే ఫ్యాను శబ్దం. ల్యాబుకు అడ్డ పలకలు లేవు గనుక పక్కవాడి గొంతు కూడా ఇందులోనే పడుతుంది. అందుకని సీటు విడిచి సీటులో కూర్చోబెట్టి, మైకును నోటికి సూటిగా కాకుండా పెదవి చివర రెండు వేళ్ల దూరంలో పెట్టించాల్సి వస్తుంది. సీటు విడిచి సీటు అంటే 30 సిస్టమ్‌లు 15 అవుతాయి. 60 మందిని 15 మీద ఎన్ని విడతలు తిప్పాలో మీ అధికారులే లెక్కవేసి చెబితే బాగుంటుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో జేఎన్‌టీయూ ఇంగ్లీషు ల్యాబును కంప్యూటర్ ముందు వినే గది ఒకటి, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే గది ఒకటి అని రెండుగా విడదీసింది. ఆ రెండో గదికి కుర్చీలు తప్ప ఏమీ అక్కర్లేదు. మా దగ్గర ఆ గది కూడా లేదు.

పరీక్ష గురించి రాయాలంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. యూజీసీ 2019లో జీవన్ కౌశల్ పేరుతో 8 క్రెడిట్ల పాఠ్యప్రణాళిక ఇచ్చింది. వినడం, మాట్లాడటం, నలుగురితో కలిసి పనిచేయడం, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ అన్నీ అందులో ఉన్నాయి. అవి మన కాలేజీలకు చేరేసరికి వినడం ఎన్ని రకాలు, శరీర భాష ప్రాముఖ్యమేమిటి అన్న వ్యాసరూప ప్రశ్నలయ్యాయి. గైడు చదివి నాలుగు పేజీలు నింపినవాడికి ఫస్ట్ క్లాస్. డ్రైవింగ్ లైసెన్సుకు కూడా లెర్నర్ దాకానే కంప్యూటర్ పరీక్ష, అసలు కార్డు కావాలంటే ట్రాక్ మీద బండి ఎక్కాల్సిందే. మన సబ్జెక్టులో లెర్నర్‌తోనే లారీ ఇచ్చేస్తున్నాం.

ఇక డిప్లొమా పిల్లలు. వీళ్లలో చాలామంది వెళ్లేది శ్రీసిటీకో, పరవాడ ఫార్మా యూనిట్లకో. అక్కడ టై ఎవరూ కట్టరు. కావలసింది షిఫ్టు అప్పగించేటప్పుడు నాలుగు మాటలు సరిగ్గా చెప్పడం. లాగ్‌బుక్‌లో ‘మెషీన్ ప్రాబ్లం, ఇన్‌ఫార్మ్‌డ్’ అని రాసి వెళ్లిపోతే తర్వాతి షిఫ్టువాడు మొదటినుంచీ వెతుక్కోవాలి. ఏ మెషీను, ఎన్నింటికి ఆగింది, ఏ అలారం వచ్చింది, ఏం చేశాం, ఏం మిగిలింది, ఎవరికి చెప్పాం, ఈ ఆరూ ఉండాలి. మెషీన్ల హోరులో ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ తేడా వినపడదు కాబట్టి ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడివిడిగా పలకాలి, విన్నవాడు తిరిగి పలికి ఖాయం చేసుకోవాలి. అన్నిటికన్నా కష్టమైనది ‘అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్పండి’ అన్న వాక్యం. బడిలో ఆ మాట అన్నందుకు తిట్లు తిన్న పిల్లవాడు సూపర్‌వైజర్ ముందు తల ఊపేస్తాడు, తర్వాత తనకు తోచినట్టు చేస్తాడు. సరుకు పాడైతే ‘ఈ కాలం పిల్లలకు యాటిట్యూడ్ లేదు’ అంటారు. ఇది పోగొట్టాలంటే ఒకరు సూపర్‌వైజరుగా, ఒకరు కొత్త ఉద్యోగిగా జంటకు మూడు నిమిషాలు చేయించాలి. 30 జంటలకు గంటన్నర, పాత్రలు మార్చితే మూడు గంటలు. మీరు పంపిన 120 స్లైడ్ల మెటీరియల్లో ఈ ఆరు అంశాలూ లేవు, ఈ వాక్యమూ లేదు. విజయవంతుల ఏడు అలవాట్ల గురించి మాత్రం రెండు చోట్ల ఉంది.

మా డబ్బుల సంగతి చివర్లో పెట్టాం, స్వార్థమనుకోకుండా. క్లాసులో నిలబడిన గంటకే మాకు లెక్క. 60 మంది రెండు నిమిషాల చొప్పున రికార్డు చేస్తే వినడానికే రెండు గంటలు. ఒక్కొక్కరికీ రెండు లైన్లు రాస్తే మరో గంట పైనే. దానికి పైసా లేదు కాబట్టి మాలో సగంమంది వినడం మానేశారు. వినేవాళ్లు లేని రికార్డింగు పిల్లలెందుకు చేస్తారు? క్లాసు గంటలకు రావలసిన రెమ్యునరేషన్ కూడా ‘బడ్జెట్ రిలీజ్ కాలేదు’ అన్న వాక్యం దగ్గర నెలల తరబడి ఆగింది. ఓర్పు కూడా సాఫ్ట్ స్కిల్లే అని సరిపెట్టుకోమంటే సరిపెట్టుకుంటాం, ఇంటి ఓనరుకు మాత్రం ఆ ట్రైనింగు ఇంకా అందలేదు.

కొత్త పథకం వద్దు మంత్రిగారూ, కొత్త యాప్ అసలే వద్దు. ఉన్న సెక్షన్‌ను రెండుగా చీల్చి 30 మందికో బ్యాచ్ చేయండి. రాత పరీక్ష సగమైనా తగ్గించి ఆ మార్కులు నోటితో చెప్పేదానికి పెట్టండి. రికార్డింగులు విన్న గంటను గంటగా లెక్కించండి. ఒక్క మెగా వర్క్‌షాపు మానేస్తే మిగిలే శాలువాలు, ఫ్లెక్సీల డబ్బుతోనే చాలా ల్యాబులకు కన్వర్టర్లు వచ్చేస్తాయి. బాకీలు ఇప్పించండి. మళ్లీ అడుగుతున్నాం, ముందు బ్యాచ్ 30 చేయండి. మిగతావన్నీ కొంత ఆలస్యమైనా నెట్టుకొస్తాం, ఇదొక్కటీ లేకపోతే ఏం చేసినా పావుగంట పావుగంటే.

వచ్చే సెమిస్టరు టైంటేబుళ్లు పడకముందే ‘30కి మించరాదు’ అని కాగితం మీద ఉత్తర్వు రావాలి. వీడియో కాన్ఫరెన్సులో చెప్పిన మాట ప్రిన్సిపాల్ దగ్గర చెల్లదు. దయచేసి జవాబు పోర్టల్లో ఆకుపచ్చ రంగులో కాకుండా కాలేజీల పేరు మీద పంపించగలరు.

ఇట్లు,
ప్రభుత్వ డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల సాఫ్ట్ స్కిల్స్ గెస్ట్ ఫ్యాకల్టీ