సీనుగాడి స్విఫ్టూ, బాడీ కిట్టు పిచ్చీ

ఒరేయ్ సీనుగా,

ఫోటోలు చూశాన్రా, సెకండ్‌హ్యాండ్‌లో అంత నీట్‌గా ఉన్న స్విఫ్ట్ దొరకడం నీ లక్కే. కానీ ఇంట్లోకి తెచ్చి నెల తిరక్కుండానే ముందు బుల్ బార్ అనే ఇనప గార్డు, చుట్టూ బంపర్లకీ పక్కలకీ తగిలించే బాడీ కిట్, అద్దాలకి నల్ల ఫిల్మ్ అని లిస్టు పెట్టావు చూడు, నవ్వాగలేదు.

బుల్ బార్ మాత్రం వద్దే వద్దు. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం అవి తీయించమని రాష్ట్రాలకి రాసింది, ఫైన్ గొడవ అటుంచు, గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం నలిగి దెబ్బని తను తినేలా కంపెనీవాడు చేస్తాడు, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు కూడా ఆ లెక్క మీదే ఉంటాయి. మధ్యలో ఛాసిస్‌కి ఇనప రాడ్డు బిగిస్తే లెక్కంతా తప్పుద్ది, బ్యాగ్ టైముకి తెరుచుకోకపోవచ్చు. అడ్డమొచ్చినోడి కాళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఫిల్మ్ కూడా అంతే, ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్కవాటిల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి, నువ్వు పెట్టిన శాంపిల్ ఫోటోలో డ్రైవరే కనపడట్లేదు కదరా!

కిట్ అంటావా, నాకూ ఇష్టమే. కానీ ఆటోనగర్‌లో చవగ్గా చెప్పేది ఎక్కువగా ఫైబర్‌గ్లాసే. ముక్కని తిరగేసి చూడు, వెనకాల గరుగ్గా దారాలు దారాలుగా కనపడతాయి, చెయ్యి పెడితే దురద. అంచులు బంపర్‌కి సరిగ్గా కూర్చోవు, సందుల్లో పుట్టీ కూరి పెయింట్ కొట్టి ఇస్తారు, ఒక్క స్పీడ్ బ్రేకర్‌కి తగిలిందంటే చీలికే. ఏబీఎస్ ప్లాస్టిక్‌ది కాస్త వంగి తట్టుకుంటుంది, పీయూది, అంటే రబ్బరులా వంగే పాలీయురెథేన్‌ది, ఇంకా బెటర్, రేటూ అలాగే ఉంటుందనుకో. అసలే స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, మీ ఊరి రోడ్డుకి అదే తక్కువ, బంపర్ కింద ఇంకా కిందకి వేలాడే లిప్ పట్టీ ఎందుకురా నీకు?

డోర్ల కింద పొడుగ్గా బిగించే సైడ్ స్కర్టులు వేయిస్తే మాత్రం పక్కనే నిలబడు. అక్కడుండే బాడీ అంచుకి (సిల్ అంటారు) నీళ్ళు పోయే చిన్న బెజ్జాలుంటాయి, అవి మూసేస్తే లోపల తుప్పు. డ్రిల్లు వేసిన చోట కూడా రస్ట్ ప్రూఫ్ పూయించు, వాళ్ళంతట వాళ్ళు పూయరు.

ఒరిజినల్ స్పెసిఫికేషన్ మార్చితే ఒక్కో మార్పుకి 5,000 ఫైన్ అని చట్టంలో ఉంది, అందుకే నా మాట విని మారుతి జెన్యూన్ యాక్సెసరీస్‌లో దొరికే స్కర్టులూ, వెనక స్పాయిలరూ తీసుకో, ఇన్సూరెన్స్ వాడికి కూడా ఒక మాట చెప్పెయ్. పెయింట్ కోడ్ ఫోటో తీసి పంపు, తెలుపుల్లోనే రెండు మూడు రకాలున్నాయి, మ్యాచింగ్ తప్పితే ఎండలో అతుకేసినట్టు తెలిసిపోద్ది.

అమ్మని అడిగానని చెప్పు.

నీ రాజుగాడు