టాకిల్ ఫుట్‌బాల్ విషయమై అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, నాన్న ఆశీర్వదించి రాయునది.

మనవడిని ఈ ఆగస్టులో టాకిల్ ఫుట్‌బాల్ లీగులో, అంటే బంతి పట్టినవాడిని ఢీకొట్టి పడేసే అమెరికా ఫుట్‌బాల్‌లో, చేర్చే విషయం మీ దంపతులిద్దరూ ఎటూ తేల్చుకోలేకపోతున్నారనీ, ఇటు తాతగానూ అటు ముప్పై ఏళ్లకు పైగా రోగులను చూసిన వైద్యుడిగానూ నా అభిప్రాయం చెప్పమనీ అడిగావు. ఫోనులో మొదలుపెడితే సగం మాటలు వాదనలో కొట్టుకుపోతాయి. పైగా మీ అమ్మ పక్కనుంచి "వద్దంటే వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తొమ్మిదేళ్ల పిల్లవాడికి టాకిల్ ఇప్పుడే వద్దన్నది నా అభిప్రాయం. ఢీకొట్టకుండా, నడుముకు కట్టిన పట్టీని లాగి ఆపే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడనివ్వండి. వాడు హైస్కూలుకు, అంటే తొమ్మిదో తరగతికి వచ్చాక కూడా ఇదే కోరికతో ఉంటే అప్పుడు మళ్లీ కూర్చుని ఆలోచించండి. అప్పటికి నేను అడ్డు చెప్పను.

మీ ఇద్దరి చర్చ అంతా కంకషన్, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు పని కాసేపు తడబడటం, దాని చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తోంది. కంకషన్ అనుమానం వస్తే పిల్లవాడిని వెంటనే మైదానం నుంచి బయటకు తీసుకువస్తారనీ, వైద్యుడు రాసిస్తే తప్ప మళ్లీ ఆడనివ్వరనీ, టెక్సస్‌లో దీనికి చట్టమే ఉందనీ అల్లుడుగారు అంటున్నారు. ఆయన చెప్పింది నిజం. 2011లో వచ్చిన ఆ చట్టాన్ని, కంకషన్ల వల్ల ఆట మానుకోవలసి వచ్చిన ఒక సాకర్ క్రీడాకారిణి పేరు మీద నటాషా చట్టం అంటారు. అయితే అది బడి జట్లను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం. మీరు చేర్చాలనుకుంటున్నది ప్రైవేటు లీగు కనుక, అక్కడ ఏ నియమం పాటిస్తారో వాళ్లనే అడిగి కాగితం మీద చూడాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి కంకషన్ దాకా రాని దెబ్బలు. పిల్లవాడు పడి లేస్తాడు, తల తిరగదు, వాంతి రాదు, ఎవరూ ఏమీ గమనించరు, మరుసటి ఆటకు సిద్ధమైపోతాడు. హెల్మెట్ ఉంది కదా అంటారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, ఆ పని అది చాలా బాగా చేస్తుంది. హెల్మెట్ల ప్రమాణాలు వచ్చాక, 1976లో తలతో గుద్దడాన్ని నిషేధించాక, అక్కడ మైదానంలో ప్రాణాలు పోవడం బాగా తగ్గింది. కానీ నీళ్ల బిందెకు ఎంత మందంగా గుడ్డ చుట్టినా, నడుస్తున్న బిందెను విసురుగా ఆపితే లోపలి నీళ్లు తొణకక మానవు. మెదడు సంగతీ అంతే. పైగా ఈ వయసు పిల్లల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం, మెదడులోని నరాల తొడుగులు ఇంకా ఏర్పడుతూనే ఉంటాయి.

ఆ దెబ్బలు ఎన్ని అని కొలిచినవాళ్లున్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు నోట్లో పెట్టుకునే మౌత్‌గార్డులలో సెన్సర్లు అమర్చి లెక్కపెట్టారు. ఒక సీజనులో టాకిల్ ఆడే పిల్లవాడి తలకు తగిలిన దెబ్బల మధ్యస్థ సంఖ్య 378. ఫ్లాగ్ ఆడే పిల్లవాడికి 8. నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదు సీజన్లు ఆడితే, హైస్కూలు గుమ్మం ఎక్కకముందే దాదాపు 1,900 దెబ్బలు. చిన్న పిల్లల దెబ్బల్లో పెద్దవాళ్ల దెబ్బలంత బలం ఉండదన్న మాట సరైనదే, దాన్ని నేను కాదనను. కానీ ఈ సంఖ్యను చూశాక నా మనసు ఒప్పలేదు.

సీటీఈ అనే మెదడు జబ్బు గురించి నువ్వు చదివి భయపడ్డానని రాశావు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టులో సెంటర్ స్థానంలో ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోయినప్పుడు ఆయన మెదడును పరీక్షించిన బెనెట్ ఒమలు అనే వైద్యుడు 2005లో దాన్ని ప్రచురించాక ఈ చర్చ ఊపందుకుంది. ఆ తరువాత 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎన్ఎఫ్ఎల్ అనే వృత్తి ఫుట్‌బాల్ లీగులో ఆడిన 111 మంది మెదళ్లలో 110 మందికి ఆ జబ్బు ఉన్నట్టు చెప్పేసరికి తల్లిదండ్రుల గుండెలు జారిపోయాయి. ఆ సంఖ్యను చూసి నువ్వు నిద్ర మానుకోవద్దు. ఆ మెదళ్లను దానమిచ్చినవి చాలావరకు అప్పటికే ఆ మనిషి ప్రవర్తనలో ఏదో తేడాను గమనించిన కుటుంబాలు; కనుక ఆడినవాళ్లందరిలో ఎందరికి వస్తుందో ఆ లెక్క చెప్పదు. అదే అధ్యయనంలో హైస్కూలుతో ఆట ఆపేసినవాళ్లు 14 మంది ఉంటే, వారిలో ముగ్గురికే ఆ జబ్బు కనిపించింది, అదీ తొలి దశలో. ఆ జబ్బును ఖాయంగా నిర్ధారించడం ఇప్పటికీ చనిపోయిన తరువాతే సాధ్యం.

నా నిర్ణయానికి ఆధారం ఆ తరువాత వచ్చిన రెండు అధ్యయనాలు. 2019లో 266 మంది ఆటగాళ్ల మెదళ్లను చూసినవాళ్లు, ఆట ఆడిన ప్రతి అదనపు సంవత్సరానికీ సీటీఈ ఉండే అవకాశాల నిష్పత్తి (ఆడ్స్) సుమారు 30 శాతం చొప్పున పెరుగుతోందని తేల్చారు. 2023లో 631 మంది మీద చేసిన మరో పనిలో, ఎన్ని కంకషన్లు అయ్యాయన్న దానికంటే, జీవితకాలంలో తలకు తగిలిన దెబ్బల మొత్తం బలమే జబ్బుతో ముడిపడి ఉందని తేలింది. పన్నెండేళ్ల లోపు మొదలుపెడితే ప్రత్యేకమైన కీడు ఉందా లేదా అన్న దాని మీద పరిశోధకులే ఏకాభిప్రాయానికి రాలేదు. దాన్ని నేను వాదనకు వాడుకోను. నేను చూసేది ఆడిన ఏళ్ల లెక్క ఒక్కటే. వాడు ఒకవేళ హైస్కూలులో ఆడినా, ముందున్న ఐదేళ్లు ఆ ఖాతాలో పడకుండా చూడటం మీ చేతిలో ఉంది.

ఆలస్యంగా మొదలుపెడితే వెనకబడిపోతాడన్న అల్లుడుగారి బెంగకు నా దగ్గర ఒకే జవాబుంది. ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ పోటీలైన సూపర్ బౌల్స్ ఏడు గెలిచిన టామ్ బ్రేడీ హైస్కూలుకు వచ్చేదాకా టాకిల్ ఆడలేదు. పరుగు, పట్టు, బంతి విసరడం, ఎదుటివాడి ఎత్తు కనిపెట్టడం అన్నీ ఫ్లాగులోనే వస్తాయి. ఢీకొట్టడం ఒక్కటే మిగులుతుంది, దాన్ని పద్నాలుగేళ్లకు సరైన కోచ్ దగ్గర నేర్చుకోవచ్చు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2015లో టాకిల్‌ను నిషేధించమని అనలేదు, కానీ ఢీకొట్టని ఫుట్‌బాల్ జట్లు పెరగాలని కోరింది.

ఈ ఆట ఆడితేనే వాడు ఊళ్లో అందరిలో ఒకడవుతాడన్న ఆయన రెండో మాటను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. శుక్రవారం రాత్రి ఊరంతా స్టేడియంలో కూర్చునే చోట, పక్క ఊరు ఆలెన్‌లో ఒక హైస్కూలు కోసం 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే మైదానం కట్టుకున్న చోట, మన రంగున్న పిల్లవాడు ఆ జట్టులో ఒకడిగా ఉండటం ఎంత విలువైనదో నాకు తెలుసు. మీ ఇంటికి వచ్చినప్పుడు వాడు ఎదురింటి పిల్లలతో బంతి ఆడుతున్నప్పటి ముఖం చూశాను. చదువులో వచ్చిన ఏ బహుమతికీ ఆ వెలుగు లేదు. అందువల్ల "ఆటలొద్దు, స్పెల్లింగ్ బీ చాలు" అన్న మన వాళ్ల వైఖరి నాకు నచ్చదు. వాడు ఆడాలి, చెమట పట్టాలి, ఓడిపోవాలి. అన్నట్టు, 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశమే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్‌నూ ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నూ కలిపి ఆమోదించింది. ఫ్లాగంటే చిన్నపిల్లల ఆట అని స్నేహితులు ఎగతాళి చేస్తే వాడు చెప్పడానికి ఈ ఒక్క మాట సరిపోతుంది.

మీ ఉత్తరాల్లో ఎక్కడా కనిపించనిది ఎండ సంగతి. నరసరావుపేటలో ప్రతి మే నెలా వడదెబ్బ రోగులను చూసినవాడిగా చెబుతున్నాను, డల్లాస్ ఆగస్టు ఎండ నాకు మెదడు దెబ్బలకన్నా దగ్గరి ప్రమాదంగా తోస్తుంది. ప్యాడ్లూ హెల్మెట్టూ వేసుకుని పరుగెత్తే ఒంటి నుంచి చెమట ఆరదు, వేడి బయటికి పోదు. 2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ శిక్షణ శిబిరంలో వడదెబ్బకే చనిపోయాడు. అన్ని వసతులూ ఉన్న జట్టు అది. ఫ్లాగ్ అయినా సరే, చేర్చే ముందు లీగువాళ్లను అడుగు: మొదటి రెండు వారాలు సాధన మెల్లగా పెంచుతారా, నీళ్లు తాగడానికి ఎప్పుడంటే అప్పుడు వదులుతారా, మైదానం పక్కన ఐసు నీళ్ల తొట్టి ఉంటుందా. వడదెబ్బ తగిలిన పిల్లవాడిని ముందు చల్లబరచాలి, తరువాతే అంబులెన్సులో ఎక్కించాలి. ఈ క్రమం తెలియని కోచ్ దగ్గర పిల్లవాడిని వదలవద్దు. గుండె ఆగితే వాడే ఏఈడీ పెట్టె ఎక్కడుందో, దాన్ని ఎవరు వాడగలరో కూడా అడుగు. 2023 జనవరిలో ఎన్ఎఫ్ఎల్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలోనే కుప్పకూలినప్పుడు నిమిషాల్లో అందిన చికిత్సే అతన్ని బతికించింది.

పిల్లవాడికి ఈ నిర్ణయం చెప్పేటప్పుడు మీ ఇద్దరూ కలిసే చెప్పండి. ఒకరు ఒప్పుకున్నట్టు, మరొకరు అడ్డుపడ్డట్టు వాడికి అనిపించకూడదు. జబ్బుల పేర్లతో భయపెట్టవద్దు. తొమ్మిదో తరగతి అన్న గడువు స్పష్టంగా చెప్పండి, ఆ గడువు వచ్చాక మాట తప్పవద్దు.

ఈ ఉత్తరం అల్లుడుగారికి కూడా చూపించు. ఆయనకు ఒప్పుదల కాని చోట గీత గీసి పంపమను, ఆయన ఇంజినీరు కనుక లెక్కల్లో పట్టుకుంటారని నాకు తెలుసు. ఆ లీగు వాళ్ల అత్యవసర ప్రణాళిక కాగితాలు దొరికితే స్కాన్ చేసి పంపించు, సంతకం పెట్టేముందు నేనూ ఒకసారి చదువుతాను.

ఇట్లు,
మీ నాన్న