హ్యాండిల్ అంచులు ఎందుకు విచ్చుకున్నాయి, మేము ఏం మారుస్తున్నాం

కిందటి అక్టోబరు 20కీ డిసెంబరు 10కీ మధ్య చెన్నై పెరియమేట్‌లోని మా తోలు బ్యాగుల వర్క్‌షాప్ నుంచి భుజానికి వేసుకునే టోట్ బ్యాగు గానీ పొట్టి హ్యాండిళ్ల బ్యాగు గానీ అందుకున్నవాళ్లు దయచేసి ఇవాళే దాన్ని ఒకసారి బయటికి తీయండి. హ్యాండిల్‌ని రెండు చేతులతో పట్టుకుని గుర్రపు లాడంలా వంచి, మంచి వెలుతురులో పక్క అంచు చూడండి. రంగు మీద వెంట్రుకంత సన్నని గీత పొడుగ్గా కనిపించినా, గోరు ఆనించగానే రంగు పొరలా లేచి వచ్చినా ఆ బ్యాగు మాకు తిరిగి రావాలి. ఇప్పటికి 17 వచ్చాయి. తోలులో లోపం లేదు, మీ వాడకంలోనూ లేదు. పని మాది, తప్పూ మాదే. బాగుచేయడానికి గానీ, రానూపోనూ కొరియరుకు గానీ మీ దగ్గర పైసా తీసుకోం.

ఏం జరిగిందో వివరంగా చెప్తాం. ఖరీదైన బ్యాగుకు, మామూలు బ్యాగుకు తేడా ఎక్కడుంటుందో కూడా ఆ వివరంలోనే తెలుస్తుంది.

హ్యాండిల్ ఒకే తోలు ముక్క కాదు. పైన 1.2 మిల్లీమీటర్ల తోలు, మధ్యలో సాగకుండా పట్టే గట్టి పొర, కింద మళ్లీ 0.8 మిల్లీమీటర్ల తోలు. ఈ మూడింటినీ సొల్యూషన్‌తో అంటించి, కుట్టి, పక్కలు సమంగా కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆ కోసిన అంచు మీద ఎడ్జ్ పెయింట్ పొరలు పొరలుగా వేస్తాం. పైకి మీకు కనిపించేది ఆ నున్నటి అంచు ఒక్కటే. కింద మూడు పొరలు కదలకుండా ఒకటిగా నిలిచినంత కాలమే పైన రంగు నిలుస్తుంది.

సొల్యూషన్ పనిచేసే తీరు ఇది. రెండు ముఖాలకూ పల్చగా రాసి పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే జిగురు తెలియాలి కానీ వేలికి అంటకూడదు. అప్పుడు రెంటినీ కలిపి సుత్తితో తట్టాలి. ఆరడమంటే అందులోని ద్రావకం ఆవిరైపోవడం. ఆవిరవుతూ అది రాసిన చోటును చల్లబరుస్తుంది. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలిలో తేమ తరచూ 80 శాతం దాటుతుంది. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, చల్లబడిన జిగురు పొర మీద కూడా కంటికి ఆనని తేమ పొర పడుతుంది. అలా తేమ పట్టిన ముఖాలను కలిపితే ఆ పూట అంటుకున్నట్టే ఉంటాయి. నెల రోజులు పట్టుకు తిరిగాక, వంగే చోట మాత్రం మెల్లగా విడిపోతాయి. లోపల పొరలు విడితే పైన రంగు సరిగ్గా ఆ అతుకు వెంబడే చీలుతుంది. వచ్చిన బ్యాగుల్లో ఎక్కువ వాటిలో గీత ఆ అతుకు మీదే ఉంది.

రెండో తప్పు తొందరపాటు. దీపావళి ఆర్డర్లు పేరుకుపోవడంతో, ఐదు పల్చటి రంగు కోట్లు వేయాల్సిన అంచుకు మందంగా రెండు కోట్లు వేశాం. మందపు కోటు పైన పొర కట్టేస్తుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఆ పచ్చి ఆరేకొద్దీ లోపల ముడుచుకుంటుంది, పైపొర పగులుతుంది. నీటితో కలిసే ఎడ్జ్ పెయింట్‌కు తేమ గాలిలో కోటుకీ కోటుకీ మధ్య మామూలుకంటే ఎక్కువ గంటలు కావాలి. మేము నాలుగు గంటలే ఇచ్చాం.

బాగుచేసే పద్ధతి కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే హ్యాండిల్ మీరు కొన్నప్పుడు ఉన్నంత వెడల్పు ఉండదు. రంగంతా గీకేస్తాం. అతుకు విడిచిన చోట రెండు మూడు అంగుళాల మేర కుట్టు విప్పి, పాత జిగురు తీసేసి, కొత్తగా అంటించి, పాత బెజ్జాల్లోంచే మళ్లీ కుడతాం. కొత్త బెజ్జాలు పొడిస్తే తోలు తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. తర్వాత రెండు పక్కలా అర మిల్లీమీటరు చొప్పున కోసి, 400 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 600, చివర 1000తో రుద్దుతూ ఐదు కోట్లు వేస్తాం. మొత్తమ్మీద హ్యాండిల్ ఒక మిల్లీమీటరు సన్నబడుతుంది. వద్దనుకుంటే కొత్త హ్యాండిళ్లే వేస్తాం, కాకపోతే ఆ తోలు రంగు మీ బ్యాగు రంగుతో నూటికి నూరు కలుస్తుందని హామీ ఇవ్వలేం. వేరే వేరే సార్లు రంగేసిన తోళ్ల మధ్య కాస్త తేడా వస్తుంది. అమ్మకు, అత్తగారికి కానుకగా ఇచ్చిన బ్యాగైతే ఏది నయమో వాళ్లనే అడిగి చెప్పండి.

ఒక్క విజ్ఞప్తి. ఇంట్లో ఆ గీత మీద ఫెవిక్విక్ గానీ గోళ్ల రంగు గానీ వేయకండి. రెండూ గట్టిపడి పెళుసుగా అవుతాయి. వంచితే ఆ పెళుసు పక్కనున్న మంచి అంచును కూడా పెకలించుకుని లేస్తుంది, అప్పుడు హ్యాండిల్ మార్చడం తప్ప మాకు దారి ఉండదు. చేతులకు శానిటైజర్ రాసుకుని తడి ఆరకముందే హ్యాండిల్ పట్టుకోవడం కూడా మానండి. అందులోని ఆల్కహాల్ తోలు మీది పాలిష్‌నూ అంచు రంగునూ మెత్తబరుస్తుంది.

ఇక ముందు సంగతి. ఎడ్జ్ పెయింట్, అతుకు పనులకు విడిగా ఒక చిన్న గది కట్టించి తేమ లాగే యంత్రం పెట్టాం. గదిలో తేమ 55 శాతానికి మించితే జిగురు డబ్బా మూత తీయం. దీనివల్ల ఇంతకుముందు 3 వారాలన్న బ్యాగుకు ఇకనుంచి 5 వారాలు పడుతుంది. దీపావళికి కావాలంటే ఆగస్టు ఆఖరులోగా చెప్పండి. ఆ తర్వాత వచ్చే ఆర్డర్లు సంక్రాంతికే. పండుగ ముందు వారం ఫోన్ చేసి "ఎలాగైనా చేసి పెట్టండి" అంటే కాదనడం మాకూ కష్టమే. అలా సరేనన్నందుకే ఈ 17 బ్యాగులు.

హ్యాండిళ్ల కుట్టు కూడా మారుస్తున్నాం. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం రెండూ తోలు మధ్యలో ఒకదానికొకటి మెలిక పడతాయి. ఒకచోట దారం తెగితే ఆ మెలికలు వరసగా జారతాయి. చేతితో వేసే సాడిల్ స్టిచ్‌లో, అంటే జీను కుట్టులో, దారం ఒకటే, సూదులు రెండు, దారం రెండు కొసలకూ చెరొకటి. ప్రతి బెజ్జంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. ఒక కుట్టు తెగినా పక్క కుట్లు వాటి పట్టు అవి వదలవు. ఖరీదైన బ్యాగులకు పేరుపడ్డ హెర్మెస్ కంపెనీ 1837లో పారిస్‌లో గుర్రాలకు కట్టే తోలు సామాను చేసే దుకాణంగా మొదలైంది, జీనుల పని తర్వాత చేర్చుకుంది. జీను కుట్టు తెగితే రౌతు కింద పడతాడు, అందుకే ఆ పనిలో ఈ కుట్టు. తేనెమైనం పట్టించిన నార దారంతో అదే కుట్టు ఇప్పటికీ వాళ్ల బ్యాగుల్లో నడుస్తోంది. నటి, గాయని జేన్ బర్కిన్ కోసం వాళ్లు చేసిన మొట్టమొదటి బర్కిన్ బ్యాగు 2025 జూలైలో పారిస్ సోథబీస్ వేలంలో దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. ఆమె దాన్ని అద్దాల బీరువాలో దాచలేదు, ఏళ్ల తరబడి రోజూ వాడింది. గీతలు పడి, స్టిక్కర్లు అంటించిన మరకలతో అరిగి ఉన్న బ్యాగు అది. ఆ ధరలో పేరుప్రఖ్యాతుల వాటా పెద్దదే, కాదనం. కానీ అంత వాడాక కూడా బ్యాగు బ్యాగులా నిలబడి ఉందంటే ఆ ఘనత కుట్టుది, అంచుది.

మేము 3 మిల్లీమీటర్ల ఎడంతో గుర్తులు పెట్టి కుడతాం. అంగుళానికి ఎనిమిదిన్నర కుట్లు పడతాయి. అంతకంటే దగ్గరగా వేస్తే చూడ్డానికి సొగసే, కానీ బెజ్జానికీ బెజ్జానికీ మధ్య తోలు మిగలదు, బరువు పడితే గీత గీసినట్టు చిరుగుతుంది. పల్చటి మేక తోలుకు ఈ ఎడం సరిపోతుంది, మందపు గేదె తోలుకు 4 మిల్లీమీటర్లు కావాలి. కుట్టు నిలువుగా కాకుండా కొంచెం వాలుగా, వరసంతా ఒకే వాలుతో కనిపిస్తే చేతికుట్టు అని పోల్చుకోవచ్చు. మధ్యలో వాలు మారితే కుట్టేవాళ్లు సూదుల వరస తప్పారన్నమాట. రెండు హ్యాండిళ్లకు చేతికుట్టు వేస్తే ఒక మనిషికి దాదాపు పూట పని, అందుకని ధర 1,800 రూపాయలు పెరుగుతుంది. బ్యాగు ఒళ్లు మాత్రం మిషన్ మీదే కుడతాం. బరువంతా పడేది హ్యాండిల్ మొదట్లో కనుక డబ్బు అక్కడ పెట్టడం న్యాయమని మా ఉద్దేశం.

తోలు కోత గురించి చాలామంది అడుగుతున్నారు, "ఆరు చదరపు అడుగుల బ్యాగుకు ఎనిమిది అడుగుల తోలు లెక్క ఎందుకు కడతారు" అని. తోలు బట్ట తానులా ఉండదు. వెన్ను వైపు గట్టిగా, బిగువుగా ఉంటుంది. పొట్ట వైపు వదులుగా సాగుతుంది, మెడ దగ్గర ముడతలుంటాయి. గోమార్ల మచ్చలు, ముళ్ల కంప గీతలు ఎక్కడైనా ఉండొచ్చు. హ్యాండిల్ పట్టీలు వెన్ను పొడుగునా కోయాలి. అడ్డంగా గానీ పొట్టలోంచి గానీ కోస్తే ఆర్నెల్లలో ఒక హ్యాండిల్ రెండోదానికన్నా పొడుగవుతుంది. పొట్ట ముక్కలు లోపలి జేబులకు, తాళంచెవుల గొలుసులకు పనికొస్తాయి. మిగిలింది వృథా. పెద్ద పెద్ద బ్రాండ్ల బ్యాగుల ధరలో ఇలా పక్కన పడేసిన తోలు ఖర్చు కూడా ఉంటుంది, ముందు పలక మీద ఒక్క మచ్చను కూడా వాళ్లు ఒప్పుకోరు.

అంచు రంగే వద్దనుకునేవాళ్లకు ఈ సీజను నుంచి ఇంకో దారి ఉంది. దిండిగల్, తిరుచ్చి వైపు పాత పద్ధతిలో చెట్ల పదార్థాలతో ఊనిన (కుళ్లకుండా శుద్ధి చేసిన) తోలు దొరుకుతుంది, వ్యాపారంలో ఈఐ (ఈస్ట్ ఇండియా) లెదర్ అంటారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడివాళ్లు ఆవారం అనే చెట్టు మన తంగేడే. ఒకప్పుడు ఆ బెరడుతోనే ఊనేవాళ్లు, తర్వాత వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు వచ్చింది, చివర్లో కరక్కాయ పెడతారు. ఈ తోలు అంచును తడిపి చెక్క కడ్డీతో గట్టిగా రుద్ది, మైనం పట్టిస్తే దానంతట అదే నిగనిగలాడుతూ మూసుకుపోతుంది. పైన రంగు పొరే లేనప్పుడు పెచ్చులు లేచే మాటే లేదు. క్రోమియం లవణాలతో ఊనిన క్రోమ్ తోలును ఎంత రుద్దినా అలా మూసుకోదు, పీచులా లేస్తుంది, అందుకే దానికి పెయింట్ తప్పదు. చెట్ల పదార్థాలతో ఊనిన తోలుతో చిక్కేమిటంటే వాన చుక్క పడితే మరక నిలుస్తుంది, ఎండకూ చేతి నూనెకూ రంగు ముదురుతుంది. ఫ్రెంచ్ బ్రాండ్ లూయీ వితాన్ బ్యాగుల హ్యాండిళ్లు లేత రంగు నుంచి తేనె రంగుకు తిరిగేది ఇందువల్లే. ఆ బ్యాగుల మీద అచ్చు ఉన్న ఒళ్లు ఎక్కువగా తోలు కాదు, పూత పూసిన నూలు కాన్వాసు. ముదరడం నచ్చేవాళ్లే ఈ తోలు తీసుకోండి. రెండేళ్లయినా కొన్ననాటి రంగే ఉండాలంటే క్రోమ్ తోలే మేలు.

పెద్ద బ్రాండ్ల బ్యాగులు బాగుచేయమని తెచ్చేవాళ్లకు ఒక మాట. జిప్పు మూసినా వెనక విచ్చుకుంటుంటే జిప్పంతా మార్చనక్కర్లేదు, చాలాసార్లు స్లైడర్ (జిప్పు మీద జారే ముక్క) మారిస్తే చాలు. మూలలు అరిగి పైపింగ్ (అతుకు వెంబడి వేసే సన్నని పట్టీ) బయటపడితే కొత్తది వేస్తాం. లోపలి లైనింగ్ జిగటగా మారి వేళ్లకు అంటుతుంటే మాత్రం తుడిచి లాభం లేదు. అది పాలీయురిథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్ పూత, గాలిలో తేమ దాన్ని లోపల్నుంచి విడగొడుతుంది. సముద్రం పక్క ఊళ్లో వాడకుండా బీరువాలో దాచిన బ్యాగుకే ఈ జబ్బు ఎక్కువ. లైనింగ్ పూర్తిగా విప్పి కాటన్ గానీ మేక తోలు గానీ వేయాలి. అలా వేస్తే బ్యాగు వాడకానికి బాగుంటుంది, తిరిగి అమ్మేటప్పుడు మాత్రం ధర తగ్గుతుంది. కాబట్టి అమ్మే ఉద్దేశం ఉంటే ముందు ఆ కంపెనీ సర్వీసునే అడగండి.

"ఫలానా బ్యాగు ఫస్ట్ కాపీ చేసిస్తారా" అని అడిగేవాళ్లకు జవాబు ఇదివరకటిదే, చేయం. ఒకరి గుర్తు మన పనిమీద వేయడం ట్రేడ్ మార్కుల చట్టం, 1999 కింద జైలు పడే నేరం. చట్టం మాట అటుంచినా, మా దగ్గర కుట్టేవాళ్ల పని ఇంకొకరి పేరుతో బయటికి వెళ్లడం మాకు ఇష్టం లేదు.

తిరిగి పంపే బ్యాగులు ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపు ఇవ్వొచ్చు. మాకు అందిన రోజు నుంచి 9 పనిదినాల్లో మీకు చేరతాయి. పంపేటప్పుడు లోపల న్యూస్‌పేపరు కుక్కకండి, సిరా లైనింగ్‌కు అంటుతుంది. పాత కాటన్ చీర ముక్క పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించకుండా గుడ్డ సంచిలో వేసి, ఇత్తడి రింగులు తోలుకు రాసుకోకుండా వాటికి విడిగా గుడ్డపీలిక చుట్టండి.