బిర్యానీ రాత్రికి మారింది, ఆట మధ్యాహ్నానికి వచ్చింది

మా కోట-టేబుల్ రోజు బుక్ చేసుకున్నవాళ్లకీ, చేసుకుందామని చూస్తున్నవాళ్లకీ ఈ కబురు. పొద్దున ఫ్రెండ్సంతా కలిసి గోల్కొండ ఎక్కడం, దిగొచ్చి బిర్యానీ, సాయంత్రం మా కెఫేలో డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే తలా ఒక పాత్రై డైస్ వేస్తూ కథ నడిపే ఆట. ఇప్పటిదాకా నడిచిన వరస ఇది. వచ్చే నెల నుంచి వేళలు, టేబుల్‌కి మనుషుల లెక్క, రేటు మూడూ మారుతున్నాయి. చాలా టేబుళ్లు కథ తేలకుండానే లేచిపోయాయి. ఆ తప్పు ఆడినవాళ్లది కాదు, రోజును మేం పేర్చిన తీరుది.

ముందు తిండి సంగతి, ఎక్కువ ఫోన్లు దాని గురించే వస్తాయి కాబట్టి. గోల్కొండ లోపలి కోట బాలాహిస్సార్ పైదాకా సుమారు 360 మెట్లు. ఎండలో అవి ఎక్కి దిగి, ఒంటిగంటన్నరకి కడుపునిండా బిర్యానీ తిని, సాయంత్రం ఆరున్నరకి టేబుల్ ముందు కూర్చున్న మనిషి అప్పటికే పన్నెండు గంటలుగా మేలుకుని ఉంటాడు. ఈ ఆటకి కావాల్సింది చెవి, కాస్త కూడికలు, పక్కవాడి మాటకి వెంటనే మాట కలిపే ఓపిక. ఎనిమిదిన్నర అయ్యేసరికి ఆ మూడూ అయిపోతాయి. అసలు పోరాటం మొదలయ్యేదేమో సరిగ్గా అప్పుడే.

కొత్త వరస ఇలా ఉంటుంది. పొద్దున 9కి కోట గేటు తెరిచేసరికి అందరూ అక్కడ ఉండాలి. పదకొండున్నరకి కిందికి, పన్నెండుంపావుకి మెహదీపట్నం వైపున్న మా కెఫేకి. సాయంత్రం ఐదు దాటాక ఇదే దారిలో టోలీచౌకీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గంట ఎక్కడికి పోయిందో తెలీదు. భోజనానికి పులిహోర, పెరుగన్నం, మజ్జిగ. తింటూనే కథలో మీ పాత్రలు ఎంచుకుంటారు. పాత్రల వివరాలుండే షీట్లు లామినేట్ చేయించాం కాబట్టి నూనె చేతులైనా ఫర్వాలేదు. 2కి ఆట, నాలుగుంపావుకి పావుగంట ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు, ఆరున్నరకి ముగింపు. బిర్యానీ హండీ ఏడింటికి. అప్పుడు ఎంత తిన్నా ఎవరూ అడగరు. సౌండ్ అండ్ లైట్ షో కూడా చూడొచ్చా అని అడుగుతుంటారు. అదే సాయంత్రం కుదరదు, ఇంకో రోజు పెట్టుకోండి.

కోటలో ఏం చూడాలో కూడా ఇప్పుడు ముందే చెబుతున్నాం, మధ్యాహ్నం కథకి పనికొచ్చేది అక్కడే ఉంది గనక. లోపలికి రాగానే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీద వినిపిస్తుంది. సగం మంది కింద, సగం మంది పైన నిలబడి ఒకసారి సరిగ్గా వినండి. బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా కట్టిన గోడ చూడండి. ఏనుగు తలుపుని గుద్దాలంటే దూరం నుంచి ఊపు మీద రావాలి, ఆ గోడ ఆ దూరాన్ని లేకుండా చేస్తుంది. దాటి వచ్చినా తలుపు నిండా ఇనప ముళ్లు. మా కథలో కోటని బయటినుంచి బద్దలుకొట్టి లోపలికి పోదామనుకునే బ్యాచ్‌లు ఇది చూసినవాళ్లయితే రెండు నిమిషాల్లో ఆ ఆలోచన మానుకుంటాయి, చూడనివాళ్లయితే ఇరవై నిమిషాలు దుంగ కోసం వెతుకుతాయి. చప్పట్ల సంకేతం మీద కథలో ఒక చిక్కు ముడి కూడా ఉంది. పొద్దున రానివాళ్లు దాని దగ్గర బొత్తిగా మూగబోతున్నారు, అందుకని వాళ్ల షీటు వెనక నాలుగు లైన్ల చీటీ పెడుతున్నాం.

1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని గోల్కొండ, చివరికి డబ్బుకి లొంగిన ఓ మనిషి లోపలినుంచి తలుపు తీయడంతో పడిపోయింది. మా కథకి విత్తనం అదే: ఈ రాత్రి ఎవరో తలుపు తీయబోతున్నారు, ఎవరో పట్టుకోండి. అయినా ఆటలో కోటకి గోల్కొండ అని పేరు పెట్టలేదు. పెడితే తానీషా తప్పా, మంత్రుల తప్పా అని చర్చ మొదలై ఒక్కరూ కుర్చీలోంచి కథలోకి దిగరు. చర్చ బిర్యానీ దగ్గర పెట్టుకోండి, మేమూ కలుస్తాం.

ఇక మనుషుల లెక్క. టేబుల్‌కి ఐదుగురే. ఆరో మనిషి వస్తే రెండో టేబుల్, రెండో డీఎం, అంటే కథ నడిపించే మనిషి. ఫ్రెండ్స్‌ని విడదీస్తారా అని కోప్పడకముందు ఈ కూడిక చూడండి. కొత్తవాళ్లకి ఒక్కో వంతుకి రెండు నిమిషాలు పడుతుంది. ఏడుగురైతే పద్నాలుగు, శత్రువుల వంతు మూడు, ఒక రౌండ్‌కి పదిహేడు నిమిషాలు. పోరాటం నాలుగు రౌండ్లు నడిస్తే గంటా ఎనిమిది నిమిషాలు. అందులో మీరు మాట్లాడేది ఎనిమిది నిమిషాలే. మిగతా గంటలో చేయి ఫోన్ మీదికి పోకపోతే ఆశ్చర్యం. ఐదుగురైతే రౌండ్ పదమూడు నిమిషాలు, పోరాటం యాభై రెండు. దీనికి తోడు డీఎం ఒకరి వంతు నడుస్తుండగానే "తర్వాత విలుకాడు, రెడీగా ఉండు" అని కేకేస్తే రెండు నిమిషాల వంతు ఒక్క నిమిషానికి దిగుతుంది. ఇంత చిన్న పని మా డీఎంలకి అలవాటయ్యేసరికి చాలా టేబుళ్లు పట్టింది.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ ముంచింది పాత్రల లెవెల్, అంటే అవి ఎంత బలమైనవో చెప్పే మెట్టు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌తోనే ఆడిస్తాం. మొదటిసారి ఆడేవాళ్లు కదా అని ఒకటో లెవెల్ పాత్రలిచ్చి, ఐదుగురికి ఎదురుగా ఐదు గాబ్లిన్లని, అంటే చిన్నసైజు రాకాసుల్ని, దింపేవాళ్లం. లెక్క వేస్తే అదెంత మొరటు పనో తెలుస్తుంది. పోరాటం ఎంత కష్టమో కొలిచే లెక్కలో ఒక్కో గాబ్లిన్ 50 పాయింట్లు, ఐదుకి 250, మూడు నుంచి ఆరు దాకా శత్రువులుంటే రెండింతలు చేయాలి, అంటే 500. ఒకటో లెవెల్ పాత్రకి ప్రాణాంతకం అనే గీత 100 దగ్గర ఉంటుంది, ఐదుగురికి 500. సరిగ్గా గీత మీద నిలబెట్టామన్నమాట. ఒకటో లెవెల్ మంత్రగాడికి ఎనిమిది హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క. గాబ్లిన్ కత్తి ఒక్కో దెబ్బకి సగటున ఐదున్నర తీస్తుంది. రెండు దెబ్బలు తగిలితే నేలమీదే. పుట్టినరోజు పిల్ల తొలి రౌండ్‌లోనే పడిపోయి, మిగతా అరగంట చావు-బతుకు డైస్ వేసుకుంటూ కూర్చుంటే ఆ పార్టీ ఏం పార్టీ?

ఇప్పుడు అందరికీ రెండో లెవెల్. అదే మంత్రగాడికి 14 హిట్ పాయింట్లు, కత్తివీరుడికి 20. అవే ఐదు గాబ్లిన్లు ఇప్పుడు మధ్యస్థం గీత మీదికి వస్తాయి, రెండో లెవెల్‌లో ఐదుగురికి ఆ గీత కూడా 500 దగ్గరే ఉంది కాబట్టి. మూడో లెవెల్ ఎందుకు ఇవ్వరని పాతకాపులు అడుగుతారు. ఆ లెవెల్‌లో షీటు రెండో పేజీకి పోతుంది, కొత్తవాళ్లు చదువుతూ కూర్చుంటారు. తెలిసినవాళ్ల టేబులైతే ముందే చెప్పండి, మూడోదే ఇస్తాం.

ఇంకో బెడద నిద్ర మంత్రం. ఎనిమిది ముఖాల డైస్ ఐదు వేస్తారు, సగటు ఇరవై రెండున్నర, అన్ని హిట్ పాయింట్ల మేరకి శత్రువులు నిద్రపోతారు. గాబ్లిన్‌కి ఏడు హిట్ పాయింట్లే కాబట్టి మొదటి దెబ్బకే ముగ్గురు గురక పెడతారు, పోరాటం అక్కడితో సరి. మంత్రగాడికి అలాంటివి వేసే అవకాశాలు మూడున్నాయి కూడా. మంత్రాన్ని తీసేయలేదు. అది పనిచేసినప్పుడు టేబులంతా లేచి గంతులేస్తుంది, ఆ సరదాని చంపడం దేనికి? శత్రువుల్ని విడదీశాం. మంత్రం పరిధి చుట్టూ ఇరవై అడుగులు, అంటే మ్యాప్ మీద నాలుగు గడులు. ఇద్దరు బురుజు మీద, ఇద్దరు మెట్ల కింద, ఒకడు తలుపు పక్కన, జట్టుకీ జట్టుకీ మధ్య తొమ్మిది గడులు ఖాళీ. ఒక్క మంత్రానికి ఇద్దరికి మించి దొరకరు.

షీట్లు తెలుగులో వేశాం. ఈ ఆట నియమాల మూల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం పేరు చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే ఆట పుస్తకానికి మాత్రం అది వర్తించదు, దాన్ని జిరాక్స్ తీసిమ్మని అడగొద్దు. షీటు మీద పాత్ర గుణాల్లో ఇంటెలిజెన్స్, విజ్డమ్ రెండింటినీ జనం తెలివి అనేసి తికమక పడుతున్నారు. అందుకని మొదటిదానికి చదువు, రెండోదానికి గమనింపు, కరిజ్మాకి మాటనేర్పు అని వేశాం. పండితులకి నచ్చకపోవచ్చు గానీ "గమనింపు వెయ్యి" అంటే అర్థం కానివాళ్లు లేరు.

తెలుగులో ఆడించడంలో ఒక తిరకాసుంది. డీఎం "మీరు తలుపు నెట్టారు, బాణం దూసుకొచ్చింది" అంటాడు. ఎవరు నెట్టారు? ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, మీరు అంటే ఒక్కరూ కావచ్చు, అందరూ కావచ్చు. ఇకమీదట డీఎం పాత్ర పేరుతోనే చెబుతాడు: మంత్రగాడు తలుపు నెట్టాడు.

ఇదే తిరకాసుని క్లూగా వాడుకుందామని కూడా చూశాం. పాత కథలోది, కొత్తదాంట్లో లేదు, అందుకే బయటపెడుతున్నాం. కోట కాపలా నాయకుడు అందర్నీ "ఏరా, ఎవడ్రా" అనే మనిషి. ఒక్క నీళ్లు మోసేవాడితో మాత్రం "మీరు పదండి" అంటాడు. వాడు మారువేషంలో ఉన్న పెద్దమనిషని అక్కడ పట్టుకోవాలి. కాగితం మీద ఎంతో బాగుంది. టేబుల్ మీద బోల్తా కొట్టింది, ఎందుకంటే మా డీఎంలు కస్టమర్లతో రోజంతా మీరు, అండి అంటూనే ఉంటారు. కాపలా నాయకుడి నోటా అదే వచ్చేసేది. అందర్నీ మీరంటే ఇంక క్లూ ఏముంది! ఆ క్లూ పోయినా, కొత్త కథలో కాపలా నాయకుడి మాటలు డీఎంకి కార్డు మీద రాసి ఇస్తున్నాం, చూసి చదవాలి.

టేబుల్ సామాన్లలోనూ కొన్ని మార్పులు. డైస్ ఏడూ ఒకేసారి ఇస్తే కొత్తవాళ్లు ఎనిమిది ముఖాలదీ పది ముఖాలదీ ఒకటే అనుకుంటారు. మొదటి గంట ఇరవై ముఖాలది ఒకటి, మీ ఆయుధానిది ఒకటి, అంతే. ఇరవై ముఖాలవన్నీ ఎరుపు. ట్రే దాటి కింద పడితే లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలి. కింద పడిన ప్రతిసారీ ఇరవయ్యే పడిందని చెప్పే ఫ్రెండ్ ఒకడు ఉంటాడు మరి. బిళ్లలుగా కారమ్ కాయిన్లు వాడి చూశాం. అవి మూడు సెంటీమీటర్లు దాటి ఉంటాయి, మ్యాప్ గడి అంగుళమే, పక్క గడిలోకి దొర్లి ఎవరెక్కడున్నారో తెలీక గొడవ. ఇప్పుడు 25 మిల్లీమీటర్ల చెక్క బిళ్లలు. వినైల్ మ్యాట్ మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీస్తే రాత్రికల్లా మరక ఇంకిపోతుంది. రెండు మ్యాట్లు అలాగే పోయాయి. తడిగుడ్డతో తుడిచే మార్కర్లే టేబుల్ మీద ఉంటాయి, మీ బ్యాగులోవి తీయొద్దు.

రేటు మనిషికి 1,200 ఉండేది, 1,450 అవుతోంది. కోట టికెట్, పొద్దుటి నీళ్లు మీవి. మనిషికి లీటరు తక్కువ కాకుండా తెచ్చుకోండి. మిగతావన్నీ ఇందులోనే. దాచేదేమీ లేదు: ఏడుగురు 1,200 చొప్పున 8,400, ఐదుగురు 1,450 చొప్పున 7,250. టేబుల్‌కి మాకొచ్చేది తగ్గుతోంది. కానీ ఆరున్నరకి ఆట ముగిస్తే ఎనిమిదింటికి అదే టేబుల్ మామూలు బోర్డ్ గేమ్స్ వాళ్లకి ఇవ్వొచ్చు, మా లెక్క అక్కడ కుదురుతుంది. అందుకే ఆరున్నర అంటే ఆరున్నరే. వచ్చే నెలకి పాత రేటుతో డబ్బు కట్టేసినవాళ్లకి పాత రేటే. ఐదుగురికి మించి బుక్ చేసుకున్న గ్రూపులకి రెండో టేబుల్ ఖర్చు మాదే.

ఎవరు గెలిచారు అని చివర్లో అడుగుతుంటారు. పులిజూదంలా ఇందులో ఒకరు గెలిచి ఒకరు ఓడేది ఉండదు. అందరూ ఒక పక్షమే, డీఎం కూడా మీకు శత్రువు కాదు. కాకపోతే కథలో ఎవరికైనా ఇబ్బంది అనిపించే విషయం వస్తే టేబుల్ మధ్యలో గుణకారం గుర్తు కార్డు ఒకటుంటుంది, దాన్ని ముట్టుకుంటే చాలు. ఎందుకని ఎవరూ అడగరు, డీఎం ఆ ముక్క దాటేస్తాడు.

బుక్ చేసేటప్పుడు మూడు చెప్పండి: ఎంతమంది, అందులో ఇంతకుముందు ఆడినవాళ్లెవరు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లెవరు. మెట్లు ఎక్కలేనివాళ్లు కింద గుమ్మటం దగ్గరే ఉండి చప్పట్లు కొట్టే పని తీసుకోవచ్చు. అలాంటివాళ్లు లేకపోయినా ఎవరో ఒకరు ఆ పనికి కింద ఉండాల్సిందే.