మడత బుట్టల కుట్టు: సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం సమయమూ శ్రమా ఎక్కువగా పెట్టింది ఇంట్లో సామాన్లు సర్దుకునే మడత గుడ్డ బుట్టల కుట్టు మీద. కాబట్టి నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను. మిగతావి ముందే చెప్పేస్తాను. ఉగాదికి పంచాంగ శ్రవణం, మే నెలలో గంగమ్మ జాతరకు అంబలి, మజ్జిగ పంచడం, వినాయక చవితికి మట్టి విగ్రహాలు ఇవ్వడం ఎప్పటిలాగే జరిగాయి. వానలకు ముందు వీధి కాలువలో చెత్త మనవాళ్ళే తీశారు. పలుగు పట్టి దిగిన ప్రతి ఒక్కరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక బుట్టల సంగతి.

మనలో చాలామందివి రెండు గదుల బాడుగ పోర్షన్లు. ఒక బీరువా, ఒక అటక, మంచం కింద జాగా, అంతే. పిల్లల బట్టలు, దుప్పట్లు, పుస్తకాలు అన్నీ అట్టపెట్టెల్లోనో ప్లాస్టిక్ డబ్బాల్లోనో పెట్టుకుంటాం. సామాను తీసేసినా ఖాళీ డబ్బా తన జాగాను వదలదు. అట్టపెట్టె ఏమో తేమ తగిలితే నిలవదు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో లోతట్టు వీధులు మునిగినప్పుడు మంచం కింద పెట్టెలు ఎత్తబోతే అడుగు ఊడి సామాన్లు నీళ్ళలో పడిన ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. పిడి పట్టి ఒక్క ఊపున అటక మీదికి ఎక్కించగలిగేది, ఖాళీ అయితే పలక మాదిరి మడిచి బీరువా వెనక దూర్చగలిగేది, మురికి పడితే ఉతుక్కోగలిగేది కావాలని మహిళా సభ్యులు అడిగారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మన ఇళ్ళకు ఆ బుట్ట పనికిరాదు. శిక్షణ అంతా ఈ లెక్క మీదే నడిచింది.

సంచి కుట్టడం మన అక్కలకు కొత్త కాదు. తిరుమలలో ప్లాస్టిక్ సంచుల నిషేధం వచ్చాక గుడ్డ సంచులు కుట్టి ఇస్తున్నవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. బుట్ట అంటే అడుగు ఉన్న, నిలబడే సంచి. అందుకని మొదటి రోజు మిషన్ ముట్టుకోనివ్వలేదు. టేపు ఇచ్చి ఇళ్ళకు పంపాం. అటక ఎత్తెంత, బీరువా అర లోపలి కొలతెంత, మంచం పట్టెకూ నేలకూ మధ్య ఎంత ఉందో రాసుకుని రమ్మన్నాం. మంచం కిందికైతే ఆ కొలతలో అంగుళం తగ్గించి బుట్ట ఎత్తు పెట్టుకోవాలి, లేకపోతే తీసేటప్పుడు చెయ్యి దూరదు. గుడ్డకు కత్తెర పెట్టకముందు టేపు ఇంటికి పెట్టడం అందరికీ అలవాటు కావాలని మా కోరిక.

కటింగ్ లెక్క మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. నాలుగు వైపులా 10 అంగుళాలు, ఎత్తు 10 అంగుళాలు ఉన్న బుట్టకు, అర అంగుళం కుట్టు మార్జిన్‌తో, 21 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్న ముక్కలు రెండు కావాలి. ముందు గోడ 10, రెండు పక్క గోడల్లో సగం సగం చొప్పున ఇంకో 10, మార్జిన్‌కు 1, మొత్తం 21. ఎత్తు 10, అడుగులో సగం 5, మార్జిన్‌కు 1, మొత్తం 16. కింది రెండు మూలల్లో 5 అంగుళాల చదరం కత్తిరించెయ్యాలి. ముందు పక్కలు, అడుగు కుట్టి, ఆ తర్వాత మూలను చీల్చి పట్టుకుని పక్క కుట్టునూ అడుగు కుట్టునూ ఒకదాని మీద ఒకటి కలిపి అడ్డంగా కుడితే సంచికి పెట్టె అడుగు వచ్చేస్తుంది. లైనింగును కూడా ఇట్లాగే కత్తిరించి, కుట్టేటప్పుడు మాత్రం మార్జిన్ ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎక్కువ తీసుకోవాలి. అప్పుడు లోపల ముడతలు పడి వేలాడదు.

ఇట్లా కుట్టినప్పుడు పక్క కుట్టు సరిగ్గా పక్క గోడ నడుమకు వస్తుంది. బుట్ట మడతపడాల్సిందీ అక్కడే. రెండు పక్క గోడలూ ఆ కుట్టు దగ్గర లోపలికి ముడుచుకుంటే ముందు గోడ, వెనక గోడ వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇందులో ఒక నియమం ఉంది. పక్క గోడ వెడల్పు ముందు గోడ వెడల్పును మించకూడదు. మించితే లోపలికి ముడుచుకున్న పక్కలు నడుమలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉబ్బెత్తుగా నిలుస్తాయి. అటకకు పొడుగు బుట్ట కావాలన్నవాళ్ళకు పొడుగు వైపునే ముందు గోడగా పెట్టి కుట్టించాం.

గోడలు నిలబడడానికి ఏం పెట్టాలన్న దాని మీదే ఎక్కువ చర్చ జరిగింది. చేతికి తొందరగా దొరికేది అట్ట. బోర్డులు రాసే షాపుల్లో మిగిలిన సన్‌ప్యాక్ షీటు (రెండు పొరల మధ్య గాళ్ళుండే ప్లాస్టిక్ షీటు) ముక్కలు కూడా తెచ్చాం. రెండు రకాలూ కుట్టి ఇళ్ళల్లో వాడమని ఇచ్చాం. నవంబరు ఆఖరున ఫెంగల్ తుపాను ముసురు పట్టింది. గోడలన్నీ చెమ్మ, ఆరేసిన బట్ట ఆరని రోజులు. ఆ వారంలోనే తీర్పు తెలిసిపోయింది. అట్ట పెట్టిన బుట్టల అడుగు మెత్తబడి, నడుమ కుంగింది. ఎండ వచ్చాక కూడా అట్ట తిన్నగా రాలేదు. సన్‌ప్యాక్ పెట్టినవి మాత్రం తడిగుడ్డతో తుడిస్తే మునుపటిలాగే నిలబడ్డాయి. అట్ట పొరలను అతికించే జిగురు కోసం పాత పుస్తకాల్లో తిరిగే సన్న పురుగులు కూడా చేరతాయి, అదింకో తంటా. అందుకే ఇకపై సంఘం పేరుతో కుట్టే ఏ బుట్టలోనూ అట్ట పెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది.

సన్‌ప్యాక్ షీటును కోసేటప్పుడు లోపలి గాళ్ళు ఏ దిక్కుకు పోతున్నాయో చూడాలి. గాళ్ళ వెంబడి అయితే షీటు సులువుగా వంగుతుంది, వాటికి అడ్డంగా వంగదు. ముందు, వెనక గోడలకు గాళ్ళు అడ్డంగా ఉండాలి, అప్పుడు బుట్ట పై అంచు నడుమలో బయటికి వంగదు. పక్క గోడలకు గాళ్ళు నిలువుగా ఉండాలి. నడిమి గాడి మీద ఒక్క పొరను మాత్రం కత్తితో కోసి, రెండో పొరను ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ రెండో పొరే తలుపు బందులాగా పనిచేస్తుంది. కోసిన వైపు బుట్ట లోపలికి చూడాలి. అప్పుడు గోడ లోపలికి హాయిగా ముడుచుకుంటుంది. సామాను కుక్కి నింపినా కోసిన అంచులు రెండూ ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి కాబట్టి గోడ బయటికి ఉబ్బదు. ఈ కిటుకు చేతికి వచ్చాక పక్కకు రెండు ముక్కలు వేసి మధ్యలో కుట్టు వేసే అవసరమే తప్పింది. ప్రతి షీటునూ గోడ కొలత కన్నా అర అంగుళం తక్కువగా కోయాలి, మూలల్లో ఆ సందు లేకపోతే గుడ్డ మడత పడదు.

షీట్లను లోపల పెట్టి శాశ్వతంగా కుట్టేయడం మాత్రం ససేమిరా వద్దు. లైనింగ్ పై అంచు కింద షీటు దూరేంత సందు వదిలి వెల్క్రో వేయాలి. ఉతికేటప్పుడు షీట్లు బయటికి తీసి గుడ్డను నీళ్ళలో వేయొచ్చు. అడుగు పలక కూడా విడిగానే ఉండాలి, దానికి గుడ్డ తొడుగు వేస్తే చాలు. అడుగు గుడ్డకు బక్రం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) అతికించకూడదు. అది బిర్రుగా ఉంటే బుట్ట సగం మడిచేసరికే ఎదురు తిరుగుతుంది. మొదట్లో ఒక అక్క అడిగింది: "అడుగు ఇంత మెత్తగా ఉంటే బరువు మోస్తాదా?" పలక వేసి, ఇస్త్రీపెట్టె లోపల పెట్టి, పిడి పట్టుకుని ఎత్తమన్నాం. ఎత్తి చూసింది, ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ పరీక్ష తనే పెడుతోంది.

పిడికి నూలు నవారు వాడాం. నవారు కొస లోపలికి మడిచి, చదరంగా కుట్టి, దాని లోపల మూల నుంచి మూలకు ఇంటూ గుర్తు వేయాలి. ఇది లైనింగ్ పెట్టకముందే జరగాలి. వెనక రెండు పొరల గట్టి గుడ్డ ముక్క పెడితే బరువు ఒక్క కుట్టు మీద పడకుండా గోడంతా పంచుకుంటుంది. మొదటి బ్యాచ్ అప్పుడు ఆఖర్లో కుట్టించిన పిడులన్నీ విప్పించి మళ్ళీ కుట్టించాం. కష్టమనిపించినా ఎవరూ విసుక్కోలేదు, అందుకు వాళ్ళను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

గుడ్డ గురించి. నగరి, పుత్తూరు వైపు పవర్‌లూముల కోరా గుడ్డ మనకు దగ్గర్లో దొరుకుతుంది. దాంట్లో గంజి ఉంటుంది, నీళ్ళు తగిలితే కుంచించుకుపోతుంది. రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసిన తర్వాతే కటింగ్. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకుకే లోపలి లైనింగ్ బిగుసుకుని బయటి గుడ్డ ముడతలు పడుతుంది. బయటి వైపుకు కాన్వాసు, పాత జీన్సు రెండూ బాగున్నాయి. మందం గుడ్డకు 16 లేదా 18 నంబరు సూది, పాలిస్టర్ దారం, పొడుగు కుట్టు. నాలుగైదు పొరలు కలిసిన చోట కాలు తొక్కకుండా చక్రం చేత్తో తిప్పాలి. అంతకు ముందే ఆ మూలను చిన్న సుత్తితో రెండు దెబ్బలు కొట్టి అణగదొక్కితే సూది విరగదు.

షీటు వద్దు, తేలిక బుట్ట చాలన్నవాళ్ళకు 26 కిలోల బియ్యం బస్తా సంచి మంచి ఆధారం. కడిగి, ఆరేసి, బయటి గుడ్డకూ లైనింగుకూ మధ్య వేయాలి. అంచులు పోగులు పోగులుగా ఊడతాయి కాబట్టి మడిచి కుట్టాలి. దాని మీద వేడి ఇస్త్రీపెట్టె పెడితే కరిగిపోతుంది. ఎండలో నెలల తరబడి పడున్న బస్తా పైకి బాగున్నట్టే కనిపించినా చేత్తో నలిపితే పొడిగా రాలుతుంది, అలాంటిది తీసుకోవద్దు.

ఎక్కువగా అడిగిన బుట్ట, బొమ్మల కొలువు బొమ్మలది. దసరా అయ్యాక మట్టి బొమ్మలను పాత పంచె ముక్కల్లో చుట్టి డబ్బాలో పేర్చితే కింది వరుస మీద బరువు పడి చేతులు, కిరీటాలు విరుగుతున్నాయి. దీనికోసం లోపల కదిపి పెట్టుకునే అడ్డగోడలతో ఎత్తు తక్కువ బుట్ట తయారుచేశాం. ఒక్క వరుస బొమ్మలే పడతాయి, అదే మేలు. తర్వాత ఎక్కువ అడిగింది హాస్టల్ గదుల్లో ఉండే అమ్మాయిలు. యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు ఏడాది కాగానే ఖాళీ చేసి పోవాలి. మడిచిన బుట్ట బట్టల బ్యాగులో పట్టేస్తుంది కాబట్టి వాళ్ళకు నచ్చింది.

పట్టుచీరల బుట్టకు మాత్రం షీటు ఉన్న నమూనా ఇవ్వలేదు. ఉతికిన కోరా గుడ్డే లోపలా బయటా వేశాం, గాలి ఆడాలి కాబట్టి. కలరా ఉండలు జరీకి తగలకుండా ఒక చిన్న గుడ్డ సంచిని మూతకు లోపల కుట్టాం. శ్రీకాళహస్తి కలంకారీ ముక్క ముందు వైపు పెట్టాలని కొందరు అడిగారు. చేత్తో గీసి, కరక్కాయ, పటిక వాడి రంగు పట్టించిన పనిని మాటిమాటికీ సబ్బునీళ్ళలో వేయకూడదు. అందుకే దాన్ని గుండీలతో తగిలించే విడి ముక్కగా చేశాం. ఉతికే ముందు ఊడదీసి పక్కన పెడతారు.

ధర విషయంలో సంఘం ఒక మాట మీద నిలబడింది. గుడ్డ, షీటు, దారం ఖర్చుతో పాటు కుట్టిన మనిషి గంటలు కూడా లెక్కలోకి రావాలి. ఒక దుకాణం వాళ్ళు పెద్ద ఆర్డరు ఇస్తాం, లోపల అట్ట పెట్టి అతికించి సగం ధరకు ఇవ్వమన్నారు. వద్దన్నాం. తొలి వానకే కూలబడే బుట్టను మన అక్కల చేత్తో కుట్టించి అమ్మడానికి మనసొప్పలేదు. ఆ ఆర్డరు పోయినందుకు సభ్యుల్లో కొందరికి అసంతృప్తి ఉందని తెలుసు, సర్వసభ్య సమావేశంలో దాని మీద మాట్లాడుకుందాం. జమాఖర్చుల పట్టిక నివేదికతో జత చేశాం, రసీదులు సంఘం గదిలో ఎవరైనా చూడొచ్చు.

రాబోయే ఏడాదికి కార్యవర్గం పెడుతున్న ప్రతిపాదనలు ఇవి. కటింగ్‌కు నిలబడి పనిచేసే ఎత్తులో ఒక బల్ల కావాలి, నేల మీద వంగి కత్తిరించి నడుములు పట్టేస్తున్నాయి. కాన్వాసు కుట్టడానికి కాలు మిషన్లలో ఒకదాన్ని పూర్తిగా కేటాయించాలి, జాకెట్లు కుట్టే మిషన్ మీద మందం గుడ్డ తోస్తే దాని దారం టెన్షన్ (బిగువు) పాడవుతోంది. మధ్యాహ్నం రాలేని ఉద్యోగినుల కోసం ఆదివారం తరగతి పెట్టాలి. మగవాళ్ళు నేర్చుకుంటామంటే తలుపు తెరిచే ఉంటుంది, ఇప్పటికే షీట్లు కోసి పెడుతున్న అన్నలు ఉన్నారు.

పాత జీన్సు, ఉతికిన బియ్యం సంచులు, బోర్డు షాపుల్లో మిగిలిన సన్‌ప్యాక్ ముక్కలు ఉంటే సంఘం గదికి చేర్చండి. కొత్తగా చేరేవాళ్ళు మీ అటక, బీరువా అర, మంచం కింది జాగా కొలతలు కాగితం మీద రాసుకుని రండి.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున
తిరుపతి