కట్ట వెనక దేశం

జార్జిటౌన్, గయానా

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. "చమురు దొరికాక అక్కడ అందరూ ధనవంతులైపోయారట కదా, నిజమేనా నాన్నా?" అని అడిగావు. నీ భూగోళం పుస్తకంలో దక్షిణ అమెరికాలోని ఈ గయానా దేశం గురించి రెండు వాక్యాలే ఉన్నాయన్నావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

చమురు మాట నిజమే. 2015లో సముద్రం అడుగున నిక్షేపాలు బయటపడ్డాయి. 2019 డిసెంబరులో తోడటం మొదలైంది. దేశం విస్తీర్ణం సుమారు 2,15,000 చదరపు కిలోమీటర్లు, జనం మాత్రం 8 లక్షలకు అటూ ఇటూ. అంటే విజయవాడ నగరంలో ఉన్నంతమంది కూడా లేరు. అందుకే తలసరి ఆదాయం లెక్కలు ఒక్కసారిగా పైకి లేచాయి. కొత్త రోడ్లు, హోటళ్లు వచ్చాయి. అయితే సంతలో కూరగాయలు అమ్ముకునే మనిషి చేతికి ఆ డబ్బు ఇంకా సరిగ్గా అందలేదు. ఇంటి అద్దెలు పెరిగాయన్న సంగతి మాత్రం ఎవరిని అడిగినా చెబుతారు. చమురుకు ముందు కూడా ఇది ఏమీ లేని దేశం కాదు. లిండెన్ దగ్గర బాక్సైట్, అడవుల్లో బంగారం, వజ్రాలు, తీరంలో వరి, చెరకు ఉన్నాయి. డెమెరారా అనే గోధుమరంగు చక్కెరకు ఆ పేరు ఇక్కడి నది వల్లే వచ్చింది.

నా పని వాననీటి కాలువల మీద కాబట్టి, అందరికంటే ముందు నా కంటపడింది ఈ నేల. దేశంలో ఎక్కువ భాగం అడవే. పదిమందిలో తొమ్మిదిమంది సముద్రతీరాన ఉన్న సన్నటి పట్టీలోనే ఉంటారు. పోటు వచ్చిందంటే సముద్రం పైన, ఊరు కింద! డచ్చివాళ్ల కాలం నుంచి కట్టుకుంటూ వచ్చిన అడ్డుకట్టే వీళ్లకు రక్ష. ఊళ్లో కాలువలన్నీ చివరికి తూముల దగ్గరికి చేరతాయి. తూమును ఇక్కడ కోకర్ అంటారు. ఆటు సమయంలో కాపలాదారు గొలుసు చుట్టి తలుపు పైకి లేపుతాడు, ఊరి నీరు బయటికి పోతుంది. పోటు మొదలయ్యేలోగా తలుపు దించాలి. ఆటుపోట్ల వేళ రోజూ ముప్పావుగంటకు పైగా జరుగుతుంది కాబట్టి అతనికి పగలూ రాత్రీ అంటూ ఉండదు. ఆ మనిషి పనికి నేను మనసులోనే దండం పెట్టుకుంటాను. 2005 జనవరిలో కుండపోత వానలకు ఈ తీరమంతా మునిగిందంటే నీరు బయటికి పోవడం ఎంత ముఖ్యమో నీకే అర్థమవుతుంది.

ఈ నేలను ఎవరు తయారుచేశారో కూడా తెలుసుకో తల్లీ. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు పారలతో, వట్టి చేతులతో కనీసం 10 కోట్ల టన్నుల తడిమట్టి ఎత్తిపోశారని ఇక్కడి చక్కెర పరిశ్రమ మీద విచారణ జరిపిన వెన్ కమిషన్ అంచనా వేసింది. ఈ ఒక్క సంగతి నీ పుస్తకంలో ఉండి తీరాల్సింది.

బానిసత్వం రద్దయ్యే రోజుల్లో తోటల యజమానులు కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తా నుంచి మొదటి కూలీలను తెచ్చాయి. 1917 వరకు దాదాపు 2,40,000 మంది వచ్చారు. ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతాలవాళ్లు. మద్రాసు రేవు నుంచి వచ్చిన కొద్దివేలమందిలో తమిళులతోపాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల మునిమనవల నోట తెలుగు లేదు. అమ్మవారి కొలువు మాత్రం మిగిలింది. కాళీమాయి గుళ్లలో వేపాకు, డప్పు, పూనకం చూశాక నాకు మాట రాలేదు.

పూజ అయ్యాక తామరాకులో ఏడు కూరల భోజనం పెట్టారు. అన్నం, పప్పు, గుమ్మడికాయ, శనగలు వేసిన బంగాళదుంప, ఆకుకూర, మామిడికాయ కూర... వడ్డించినావిడ ఆకు అంచు మడిచి పట్టుకోవడం నేర్పారు, లేకపోతే పప్పు ఒళ్లోకి కారిపోతుంది. నా పక్కన కూర్చుని తిన్నవాళ్లలో ఆఫ్రికా సంతతివాళ్లూ ఉన్నారు. దీపావళి, ఈద్, క్రిస్మస్ మూడూ ఇక్కడ జాతీయ సెలవులే.

ఎసెకీబో నదికి పడమటనున్న నేల, అంటే దేశంలో మూడింట రెండు వంతులు, తనదేనని పొరుగు దేశం వెనెజ్వేలా అంటోంది. కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో ఉంది. ఇక్కడివాళ్లకు అది చాలా పెద్ద దిగులు.

వేసవి సెలవులకు మీరిద్దరూ రండి. పొటారో నది ఒక్క దూకులో 226 మీటర్లు కిందికి పడే కైటూర్ జలపాతం చూపిస్తాను. అక్కడ మనిషెత్తు మొక్కల ఆకుల మధ్య నిలిచిన నీళ్లలో బంగారు రంగు కప్పలు ఉంటాయి, నీ బొటనవేలి గోరంత! చిన్న విమానంలో వెళ్లాలి, సీట్లు ముందే చెప్పి ఉంచుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఆ కార్డు జాగ్రత్త చేయండి, తిరిగి వెళ్లేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు. అమ్మను అడిగి తేదీలు రాయి.

ప్రేమతో,
నాన్న