మీ వెబ్‌సైటులో ఎవరు ఏది మార్చారో ఇక చెప్పగలం

నమస్కారం.

హనుమకొండ చౌరస్తా దగ్గర మేం ముగ్గురం నడిపే చిన్న ఆఫీసు ఇది. మీ వెబ్‌సైట్లను మాకు అప్పగించిన వారందరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. బతుకమ్మ పండుగకు వారం ముందు మా వల్ల జరిగిన పొరపాటు మీలో కొందరికి ఆ నోటా ఈ నోటా చేరిందని తెలిసింది. నేనే చెప్పడం మర్యాద.

కొత్తవాడలో దర్రీలు అమ్మే ఒక పెద్దాయన మా పాత కస్టమరు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, ఆ మాట పెద్ద అక్షరాలతో మొదటి పేజీలో కనిపించాలని ఆయన అడిగితే మొదలైన సైటు అది. ఆ సోమవారం పొద్దున మా దగ్గర పనిచేసే అబ్బాయి పండుగ ధరలనూ రెండు కొత్త కొలతలనూ నేరుగా సైటు నడిచే సర్వర్‌లోనే చేర్చాడు. నాకు ఆ సంగతి తెలియదు. రాత్రి ఇంట్లో కూర్చుని, నా కంప్యూటర్‌లో ఉన్న కాపీలో ఫోను నంబరు ఒక్కటి సరిచేసి, ఆ ఫైలును ఎఫ్‌టీపీ (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) ద్వారా ఎక్కించాను. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో ఇది పెట్టాలా అని అడిగింది. అవునన్నాను. రోజుకు పదిసార్లు చూడకుండా అనే అవును అది. నా కాపీ మూడు వారాల నాటిది.

తెల్లవారాక ఫోను. "తమ్ముడూ, నా దుకాణంలో పాత ధరల బోర్డు ఎవరు తగిలించారు?"

అప్పటికే పాత ధరకు రెండు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. ఆయన మాట తప్పే మనిషి కాదు, ఆ ధరకే పంపారు. తేడా మేం కట్టాం. డబ్బు సంగతి అలా తేలిపోయింది కానీ, "నిన్న ఎలా ఉందో అలా పెట్టు, చాలు" అన్నారు చూడండి, అక్కడ నాకు నోట మాట రాలేదు. నిన్నటిది మా దగ్గర లేదు. 'దసరా', 'దసరా కొత్తది', 'దసరా ఆఖరుది', 'దసరా అసలు ఆఖరుది' అని నాలుగు ఫోల్డర్లు మాత్రం ఉన్నాయి. నాలుగింటిలోనూ ఆ సోమవారం లేదు.

ఇప్పుడు మీ అందరి సైట్లనూ గిట్‌లోకి మార్చాం. ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ చరిత్రగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను రాసేవాళ్లు ఇదే పనికి బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు. దాని కంపెనీ వాళ్లకు ఉచితంగా ఇవ్వడం ఆపేస్తే, 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా దీన్ని రాయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచీ ఉచితమే. కాబట్టి ఖర్చుకు వెనకాడామని చెప్పుకునే వీలు కూడా మాకు లేదు. బద్ధకం, అంతే.

దుకాణం లెక్కలు రాసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చిట్టాలో తప్పు పడితే కాగితం చించరు, రబ్బరుతో చెరపరు. దానికి ఎదురు పద్దు రాస్తారు. తప్పూ కనిపిస్తుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది. గిట్‌లో రివర్ట్ అంటే అదే. ప్రతి మార్పునూ కమిట్ అంటారు. ఎవరు చేశారు, ఏ రోజు ఏ వేళకు చేశారు, ఏ వరుసలో ఏమి తీసి ఏమి పెట్టారు అన్నది దానిలో ఉంటుంది. ఎందుకు చేశారన్నది మాత్రం మనిషే రాయాలి. మొదటి వారం మా అబ్బాయి అన్ని కమిట్లకూ 'మార్పులు' అని ఒకే మాట రాశాడు. ఇప్పుడు 'చిన్న జంపఖానా ధర పెంపు, యజమాని ఫోనులో చెప్పారు' అన్నట్టు రాయనిదే నేను ఒప్పుకోవడం లేదు.

ఆ రాత్రి నేను చేసిన పని గిట్‌తో చేయబోతే అది ఒప్పుకోదు. నీ దగ్గరున్నది పాతది, ముందు అవతలి మార్పులు తెచ్చుకో అంటుంది. ఇద్దరం ఒకే వరుసను మార్చి ఉంటే, ఎవరిది సరైనదో తానే తేల్చకుండా రెండింటినీ ఎదురెదురుగా పెడుతుంది. పోయిన నెలలో అలాగే జరిగింది. ఎడమకు తిరిగిన ఏడు గుర్తులు, వాటి కింద 1,450. నడుమ ఏడు సమానపు గుర్తులు, వాటి కింద 1,540. చివర కుడికి తిరిగిన ఏడు గుర్తులు. తెర మీద అది చూసి అబ్బాయి కంగారుపడ్డాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సైటు యజమానికి ఫోను చేసి అడిగాం. 1,540 అన్నారు.

రెండో తప్పు కూడా చెప్పాలి. మారుస్తున్న హడావుడిలో డేటాబేస్ పాస్‌వర్డ్‌లున్న ఫైలు ఆరుగురి సైట్లలో గిట్‌లోకి వెళ్లింది. మరుసటి కమిట్‌లో తీసేశాం, కానీ చరిత్ర మొత్తం దాచుకునే గిట్‌లో తీసేస్తే పోయినట్టు కాదు. ఆ రిపాజిటరీలు (ఒక్కో సైటు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే గిట్ ఖజానాలు) బయటివారికి కనిపించేవి కావు. అయినా ఆరింటి పాస్‌వర్డ్‌లూ అదే రోజు మార్చాం. ఆ ఆరుగురికీ విడిగా ఫోను చేశాను.

గిట్‌లో మేం ఉంచేది సైటు కోడు, పేజీల రాత. మీకు వచ్చే ఆర్డర్లు, మీరు ఎక్కించే ఫొటోలు అందులో ఉండవు. వాటికి రోజూ రాత్రి వేరే బ్యాకప్ తీస్తున్నాం.

మీ వైపు నుంచి రెండు సంగతులు. మీరు అడిగిన మార్పు ఇకమీదట వెంటనే సైటులో కనిపించదు. ముందు వేరే బ్రాంచిలో, అంటే అసలు సైటును తాకని విడి కాపీలో చేసి, పరీక్ష లింకు పంపుతాం. మీరు చూసి సరేనన్నాకే అసలు సైటులోకి వస్తుంది. కొంత ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. ఇక రెండోది. మీలో కొందరి ఇళ్లలో సర్వర్ పాస్‌వర్డ్ తెలిసిన అల్లుళ్లు ఉన్నారు. వారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేరుగా సర్వర్‌లో ఏదీ మార్చవద్దని వారికి చెప్పండి. అక్కడ చేసిన మార్పు మాకు తెలియదు, మేం కొత్తది పంపేటప్పుడు పని అక్కడే ఆగిపోతుంది. వారికి నిజంగా ఆసక్తి ఉంటే రిపాజిటరీలో చేర్చుకుంటాం, వారి పేరుతోనే కమిట్లు పడతాయి.

మా నెల రుసుము పెరగదు. ఎప్పుడైనా మమ్మల్ని వదిలి వేరేవారి దగ్గరికి వెళితే, మొత్తం రిపాజిటరీని చరిత్రతో సహా మీ చేతికి ఇస్తాం. పాత మనిషి కోడు ఇవ్వక, సైటు మళ్లీ మొదటి నుంచి చేయించుకున్నవారు మీలో నలుగురున్నారు. ఆ బాధ నాకు తెలుసు.

కొత్తవాడ పెద్దాయనకు ఇదంతా చెబితే సంతోషించి, "అయితే పోయినేడాది దసరా పేజీ తీసి చూపించు" అన్నారు. అది కుదరదు. సైటును గిట్‌లో పెట్టిన రోజు నుంచి జరిగినదే దానికి తెలుసు, అంతకు ముందుది తెలియదు. ఆ మాట చెప్పడానికి కొంచెం ఇబ్బందిపడ్డాను. సాయంత్రం ఆయనే, మనవరాలు నిరుడు ఫోనులో తీసుకున్న ఆ పేజీ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపారు. దాన్ని చూసి మా అబ్బాయి మళ్లీ మొత్తం టైపు చేశాడు.